కవిప్రియను ఎవరూ అడగలేదు

"ఈ చీటీ ఏంది అత్తా?"

తాయారమ్మ తల ఎత్తలేదు. ఒళ్ళో చేట పెట్టుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. కోడలి గొంతు విని వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"మిమ్మల్నే అడుగుతా ఉండాను."

"దాంట్లోనే రాసుంటుందే. ఈ ఇంట్లో ఇంగ్లీషు చదివినదానివి నువ్వే కదా."

రాసే ఉంది. లోగనాయకి అప్పటికే మూడుసార్లు చదివింది. గొడుగు కోసం బీరువా పక్కనున్న సంచీ తెరిస్తే, ఆడబిడ్డ కవిప్రియవి రెండు జతల బట్టలు, ఒక కొత్త తువ్వాలు, వాటి మధ్య మడతపెట్టి ఈ చీటీ కనిపించాయి. ఏదో ప్రైవేటు నర్సింగ్ హోం పేరు. దాని కింద డి. కవిప్రియ, వయసు పందొమ్మిది. మంగళవారం పొద్దున ఏడు గంటలకు పరగడుపున రావాలి. చివరి వరుసలో ఆపరేషన్ పేరు. గర్భసంచి తీసివేయడం.

ఈ రోజు శనివారం.

"కవికి ఏం జబ్బని?"

"జబ్బేం లేదు."

"జబ్బు లేకుండా కడుపు కోస్తారా?"

తాయారమ్మ చేటను పక్కకు నెట్టింది. "నాకు యాభై ఏడు నిండినాయి. మోకాళ్ళు పోయినాయి. దానికి నెలనెలా తుడిచేది, మార్చేది, ఉతికేది ఇంకెన్నాళ్ళు?"

"ఏడాదిగా మీరు ఒక్కసారన్నా తుడిచినారా అత్తా? ఆ బిడ్డే చేసుకుంటా ఉండాది. నేను నేర్పినాను."

"నేర్పితివి. సరి. నేను పోయినాక? నువ్వూ పోయినాక?"

"అప్పుడూ తనే చేసుకుంటుంది. నేర్పేది అందుకే కదా."

వాన గురువారం నుంచి తెరపి లేకుండా కురుస్తోంది. రెడ్డియార్‌పాళయంలో ఆ వీధి వీధంతా మోకాలి లోతు నీళ్ళు. వెనక వసారాలో కట్టిన తీగల మీద ఆరని బట్టల వాసన ఇల్లంతా నిండి ఉంది.

ముందు గదిలో పేపరు మడిచిన చప్పుడైంది. దొరైస్వామి లేచి రాలేదు, అక్కడి నుంచే అన్నాడు.

"పొద్దున్నే ఏందీ గోల? నాలుగిండ్లకు వినబడాలనా? రేపు చంద్రన్ బియ్యం ఎత్తుకుని వస్తాడు. వాడి ముందర ఈ మాటలు ఏమీ వొద్దు."

చంద్రన్ ఆయన చెల్లెలు అమ్మాయమ్మ కొడుకు. బాహూరులో ఈ ఇంటికున్న పొలమంతా అతనే చూస్తాడు. పెళ్ళాం బిడ్డలున్నవాడు. ప్రతి ఆదివారం మోటార్‌సైకిలు మీద కూరగాయలో బియ్యమో తెచ్చి దింపి, మామయ్య ఎదురుగా కూర్చుని పంట సంగతులు చెప్పి వెళ్తాడు.

"మామా, దీనికి మీరు ఒప్పుకున్నారా?"

"డాక్టరే సరి అన్నాడు. ఇంట్లో మగవాడు ఒకడు సంతకం పెట్టాల అన్నాడు. రఘు పెట్టినాడు. రెండు వారాలాయ."

లోగనాయకి చీటీని తిప్పి వెనకవైపు చూసింది. రఘునాథన్. తన మొగుడు. రెండు వారాలుగా పక్కన పడుకుని, పక్కన కూర్చుని తిని, సినిమా సంగతులు చెప్పిన మనిషి.

"నాతో ఒక్క మాట అనలేదు."

"అంటే నువ్వు సుమ్మా ఉంటావా?" అంది తాయారమ్మ. "సెంటరు అంటావు, రూలు అంటావు. నువ్వు కూడా ఒక బిడ్డను కని, దాన్ని అట్ల చూస్తా చూస్తా పెంచుంటే తెలిసేది నీకు."

లోగనాయకి చీటీని నాలుగు మడతలు పెట్టింది.

పెళ్ళయి పద్నాలుగేళ్ళు. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ రెండుసార్లూ ఆస్పత్రిలో రాత్రీ పగలూ కూర్చున్నది ఈ అత్తే. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఆ మాట ఆమె నోట రాలేదు. ఈ రోజు వచ్చింది. అన్నాక తాయారమ్మే ముందుగా మొహం తిప్పుకుంది.

"వొదినా, టైము అయింది."

కవిప్రియ గుమ్మంలో నిలబడి ఉంది. పసుపురంగు రెయిన్‌కోటు గుండీలు మెడదాకా పెట్టుకుంది. భుజాన సంచీ, చేతిలో వదిన వెతుకుతున్న గొడుగు.

"ఎనిమిదీ పది. బస్సు పోతుంది. గ్యాసు మూసినాను. చూసినాను రెండుసార్లు."

ఎప్పటి నుంచి నిలబడి ఉందో ఎవరికీ తెలియదు. తాయారమ్మ చీర కొంగుతో చేట తుడుస్తున్నట్టు వంగింది. దొరైస్వామి పేపరు మళ్ళీ తెరిచాడు.

కవిప్రియ తల్లి వైపు చూసింది. చీటీ వైపు చూసింది. ఏమీ అడగలేదు. ఈ ఇంట్లో పెద్దవాళ్ళు తన గురించి మాట్లాడుకునేటప్పుడు తనను అడగరన్నది ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

*

లోగనాయకి పనిచేసే కేంద్రం లాస్‌పేట వైపు ఒక అద్దె ఇంట్లో ఉంది. బుద్ధి నిదానంగా ఎదిగిన తొమ్మిది మంది యువతీయువకులు అక్కడికి వస్తారు, కవిప్రియా వాళ్ళలో ఒకతి. లెక్కలు, పద్యాలు అక్కడ చెప్పరు. ఒక మనిషి మరొకరి చేయి పట్టుకోకుండా రోజు గడుపుకోవడం ఎలాగో నేర్పుతారు. పొయ్యి వెలిగించడం, చొక్కా ఉతికి ఆరేయడం, బస్సు బోర్డులో మొదటి అక్షరం గుర్తుపట్టడం, ఇష్టం లేనిదానికి వద్దు అనడం. ఏ పనినైనా పది చిన్న ముక్కలు చేస్తుంది లోగనాయకి. ముందు వాళ్ళ చేతి మీద చేయి వేసి చేయిస్తుంది. కొన్నాళ్ళకు మోచేతిని తాకి ఊరుకుంటుంది. ఆ తర్వాత మాటతో. ఆ తర్వాత మాట కూడా మానేసి ఒక అడుగు వెనక్కి వేసి నిలబడుతుంది. ఈ పనిలో అన్నిటికన్నా కష్టం ఆ ఒక్క అడుగే అని కొత్తగా వచ్చిన టీచర్లకు చెబుతుంటుంది.

ఆ రోజు శివరామన్‌కు టీ కాయడం పాఠం. ఇరవై రెండేళ్ళవాడు. ఎనిమిది నెలలుగా అగ్గిపుల్ల అంటే భయపడి, పోయిన వారమే మొదటిసారి గీశాడు.

ఇప్పుడు గీయబోతూ ఆగాడు.

"మేడం, చెయ్యి తీయండి."

లోగనాయకి ఉలిక్కిపడి చూసుకుంది. తన చేయి అతని మోచేతిని గట్టిగా పట్టుకుని ఉంది.

చేయి తీసింది. శివరామన్ పుల్ల గీసి పొయ్యి వెలిగించి, మంట తగ్గించి, అందరి వైపూ చూశాడు. కవిప్రియ చప్పట్లు కొట్టింది. లోగనాయకి నవ్వలేకపోయింది.

మధ్యాహ్నం పిల్లలు తింటున్నప్పుడు ఆఫీసు గదిలోకి వెళ్ళి చీటీ అరుణాచలం ముందు పెట్టింది. హెడ్మాస్టరుగా రిటైరై, ఈ కేంద్రాన్ని నడుపుతున్న మనిషి. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ చదవడం రాదు. ఇంగ్లీషు చీటీ చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ వరకు వచ్చింది ఇప్పుడు."

"అంటే?"

"ఇక్కడికి వచ్చే నలుగురు ఆడపిల్లల్లో ఇద్దరికి ఈ ఆపరేషన్ అయిపోయింది నాయకీ. ఇక్కడ చేర్చే ముందే ఒకతికి. చేర్చినాక ఇంకొకతికి."

"మీకు తెలుసా? తెలిసీ..."

"తెలిసీ ఊరుకున్నాను. అడ్డం పడితే ఆ బిడ్డను మాన్పించేస్తారు. మళ్ళా ఒక గదిలో గోడ చూస్తా కూర్చుంటుంది. ఏది మేలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు."

లోగనాయకి కిటికీలోంచి చూసింది. కవిప్రియ తిన్న గిన్నె కడిగి, పక్కవాడి గిన్నె కూడా కడుగుతోంది. తెల్లటి మెడ మీద వాన నీటి చుక్కలు.

"నేనేం చెయ్యాల సార్?"

"ఆ ఇంట్లో నువ్వు టీచరువా, కోడలివా?"

"రెండూ."

"రెండూ అయితే వాదన పెట్టుకోవద్దు. తల్లులు వాదనకు లొంగరు, ముప్పై ఏండ్లు చూసినాను. ఆమె ముందర ఆ బిడ్డే చేసుకునేటట్టు చూడు. చూపించు."

*

సాయంత్రం రఘునాథన్ వసారాలో నిలబడి స్కూటరు తుడుస్తున్నాడు. విద్యుత్ శాఖలో గుమాస్తా. వాన నీళ్ళు ఇంకా పడుతూనే ఉన్న బండిని తుడవడంలో అర్థం లేదు. అయినా తుడుస్తున్నాడు.

"సంతకం ఎందుకు పెట్టినారు?"

"అమ్మ అడిగింది."

"అమ్మ అడిగితే చెల్లెలి కడుపు కోయమని రాసిచ్చేస్తారా?"

"మెల్లగా మాట్లాడు."

"ఎవురన్నా కవిని అడిగినారా? దానికి పందొమ్మిదేళ్ళు. పెద్ద మనిషి. అది ఊ అనిందా?"

"దానికేం తెలుసు?"

"ఏం తెలుసో మీరెప్పుడన్నా చూసినారా?"

రఘునాథన్ గుడ్డ పిండాడు. అప్పుడే పిండిన గుడ్డ, ఒక చుక్క నీరు రాలేదు. మళ్ళీ పిండాడు.

"నాకు కారణం చెప్పండి. మోకాళ్ళు నొప్పి అని కాదు. నిజం కారణం."

"అన్ని కారణాలూ నోటితో చెప్పుకునేవి కావు నాయకీ."

"మొగుడూ పెళ్ళాం కూడానా?"

అతను మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందని ఆమె అనుకుంది. కోపం లేదు. జాలి ఉంది. అదే ఆమెను భయపెట్టింది.

"నీ మీద మాట పడకూడదనే నీకు చెప్పలేదు" అన్నాడు.

"నా మీదా? ఏం మాట?"

రఘునాథన్ గుడ్డ పక్కన పడేశాడు. ఆ వానలోనే స్కూటరు బయటికి తోశాడు. కాయగూరలు తెస్తానని గొణిగాడు. రేపు చంద్రన్ తెస్తాడు కదా, ఇప్పుడు కాయగూరలెందుకు అని ఆమె అడిగేలోపే వీధి మలుపు తిరిగిపోయాడు.

*

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు కవిప్రియ వంటింట్లోకి వచ్చి వదిన చెవిలో చెప్పింది.

"వొదినా, వచ్చింది."

తాయారమ్మ విననే వింది. పొయ్యి ముందు నుంచి లేవబోయింది. లోగనాయకి ఆమె చేయి పట్టుకుంది.

"ఈ ఒక్కసారి లేవొద్దు అత్తా. నాతో వచ్చి కూర్చోండి. ఏమీ చెయ్యొద్దు, సుమ్మా కూర్చోండి."

వెనక వసారాలో స్నానాలగది ఎదురుగా ఉన్న బల్ల మీద అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. కవిప్రియ అల్మరాలోంచి తన ప్లాస్టిక్ డబ్బా తీసుకుంది. ఉతికిన లంగా తీసుకుంది. పాత పేపరు ఒకటి చింపుకుంది. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. తలుపుకు లోపలివైపు లోగనాయకి గీసి అంటించిన ఆరు బొమ్మలున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనులు. మొదట్లో ఆ పిల్ల ప్రతి బొమ్మను వేలితో తాకేది. ఇప్పుడు చూడను కూడా చూడదు.

నీళ్ళ చప్పుడు. మళ్ళీ నిశ్శబ్దం.

ఉన్నట్టుండి లోపల ఏదో దబ్బున పడింది.

"పడిపోయింది!" తాయారమ్మ లేచింది.

"మగ్గు అత్తా."

"జారిందేమో. తల తగిలిందేమో."

"అడగండి. తలుపు తట్టొద్దు. నోటితో అడగండి."

"కవీ! ఏమాయనే?"

"మగ్గు పడింది మా. పనిలో ఉండాను, పిలవొద్దు!"

తాయారమ్మ కూర్చుంది. కోడలి చేతిని తానే పట్టుకుంది. పావుగంట ఇద్దరూ అలాగే ఉన్నారు.

కవిప్రియ బయటికి వచ్చింది. లంగా మార్చుకుంది. పేపర్లో చుట్టిన పొట్లాన్ని పెరటి మూల మూతబకెట్టులో వేసి మూత నొక్కింది. సబ్బుతో మణికట్టు దాకా చేతులు రుద్దుకుంటూ పది లెక్కపెట్టింది. నేల మీద ఒక చిన్న మరక చూసి, తడిగుడ్డ తెచ్చి తుడిచింది. చివరికి గోడ క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, దారం కట్టి వేలాడదీసిన ఎర్ర పెన్సిలుతో ఆ రోజు చుట్టూ సున్న చుట్టింది.

"అయింది" అంది. "మా, నీకు కాఫీ కావాలా? నేను పెడతా."

లోపలికి వెళ్ళిపోయింది.

తాయారమ్మ ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, కొంగు నోట్లో కుక్కుకుని. లోగనాయకి గుండె తేలికపడింది. గెలిచాననుకుంది.

"చూసినారు కదా అత్తా? మంగళవారం వొద్దని చెప్పేస్తాము. నేనే ఫోను చేస్తాను."

"చేసుకుంటుందని నాకు తెలుసునే" అంది తాయారమ్మ. "ఏడాదిగా చూస్తానే ఉండాను. నేనేం గుడ్డిదాన్నా?"

"మరి?"

"అది కాదే నాయకీ నా దిగులు."

వాన జోరు పెరిగింది. తాయారమ్మ చెప్పడం మొదలుపెట్టి ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె మాటలు నేల మీదకే పడుతున్నాయి.

"ఫిబ్రవరిలో, కోతలప్పుడు. బాహూరు పోయి వచ్చింది కదా అది, ఒంటిగా. వచ్చినప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే, జడ విడిపోయి ఉండాది. రవిక గుండీలు తప్పు పెట్టుకోనుండాది. ఏడవలేదు. తొట్టి నీళ్ళన్నీ పోసుకునింది. ఏమాయనే అంటే, 'బావ చెడ్డ' అనింది. అంతే. ఇంకో మాట చెప్పేదానికి దానికి రాలేదు."

లోగనాయకి బల్ల అంచు పట్టుకుంది.

"ఆ నెల దానికి రాలేదు. నలభై నాళ్ళు. ఆ నలభై నాళ్ళు నేనెట్ల ఉండినానో ఆ దేవుడికే తెలుసు. నలభై ఒకటో నాడు వచ్చింది. ఆ పొద్దు నేను దాని కాళ్ళ మీద పడి ఏడ్చినాను. అది నా తల నిమిరింది. ఇంకొకసారి ఆ నలభై నాళ్ళు నేను తట్టుకోలేను నాయకీ. గర్భసంచి ఒకటి లేకపోతే..."

"లేకపోతే ఏమవుతుంది అత్తా? వాడు మళ్ళీ వస్తే ఎవురికీ తెలియకుండా పోతుంది. అంతే కదా?"

తాయారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మార్చి నెల కాగితం లోగనాయకి కళ్ళ ముందు నిలిచింది. సున్న లేని నెల. కేంద్రంలో కవిప్రియ ఫైలు తీసి ఆమె తన చేత్తో రాసింది: 'గుర్తు పెట్టడం మరిచిపోతోంది, మళ్ళీ నేర్పాలి.' మళ్ళీ నేర్పింది కూడా. వారం రోజులు పెన్సిలు పట్టించి సున్నలు చుట్టించింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పేది? బాహూరు బస్సెక్కించి పంపినదానివి నువ్వే కదా."

అది నింద కాదు. తాయారమ్మ గొంతులో నింద లేదు. అందుకే అది ఇంకా లోతుగా దిగింది.

అవును. బస్టాండులో మారి, బోర్డు మీది అక్షరం చూసి, బాహూరు చేరి, మేనత్త ఇంట్లో ఒక పూట ఉండి తిరిగి రావడం. ఒంటరి ప్రయాణం పాఠాల్లో అదే ఆఖరిది. సొంతవాళ్ళ ఊరు కాబట్టి భయం లేదనుకుంది. ఆ మర్నాడు కేంద్రంలో అందరికీ మిఠాయి పంచింది. తర్వాతి శనివారం మళ్ళీ పంపబోతే కవిప్రియ బస్టాండులో నేల మీద కూర్చుండిపోయింది. రాను, రాను అంది. మొండితనం అనుకుంది లోగనాయకి. భయం వేసిన పనిని మళ్ళీ చేస్తేనే భయం పోతుందని చదువుకున్న మనిషి. మోచేయి పట్టి లేపింది. మెట్టు ఎక్కించింది. బస్సు కదిలేదాకా నవ్వుతూ చేయి ఊపింది.

"ఆ రెండోసారి..." లోగనాయకి అడిగింది.

"నువ్వు పంపినావని తెలిసి నేను ఆటోలో ఎనకే పోతి. బస్సు దిగతానే పట్టుకుని పిలుచుకొస్తి. ఆ పొద్దు ఏమీ కాలేదు. మీ మామకు చెప్పినాను. 'అమ్మాయమ్మ కొడుకు, పేరు బయటికి వస్తే చెల్లెలు ప్రాణం తీసుకుంటుంది' అన్నాడు. సంతకానికని మొన్న రఘుకు చెప్పినాను. వాడు గోడకేసి తల కొట్టుకున్నాడు. ఆ తరవాత సంతకం పెట్టినాడు."

"అయినా ఆ మనిషి ప్రతి ఆదివారం ఈ ఇంటికి వస్తా ఉండాడు."

"అందుకే కదా ఆదివారం దాన్ని గుడికి పిలుచుకుని పోయేది నేను. వాడు పోయినాకనే వస్తాము." తాయారమ్మ గోడ గడియారం వైపు చూసింది. పది కావస్తోంది. "ఈ పొద్దు గుడికి పోయేదానికి లేదే."

వంటింట్లోంచి కవిప్రియ మూడు గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. ఒక్క చుక్క ఒలకలేదు.

లోగనాయకి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "కవీ, ఆ రోజు నువ్వు బస్సు ఎక్కనంటివి. నేను వినలేదు. తప్పు నాది."

కవిప్రియ ఆలోచించింది. "నువ్వు ఎక్కించినావు" అంది. "నేను వొద్దంటిని."

"అవును."

"కాఫీ చల్లారిపోతుంది వొదినా."

ఆ మాటతో లోగనాయకి ఏడ్చింది. గ్లాసు అందుకుని తాగింది.

వీధిలో మోటార్‌సైకిలు ఆగిన చప్పుడైంది.

ఆలోచించే వ్యవధి లేదు. లోగనాయకి నడవా దాటి ముందు గదిలోకి పరుగెత్తింది. దొరైస్వామి కుర్చీలో, రఘునాథన్ కిటికీ దగ్గర. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. పై గడియ, కింది గడియ రెండూ బిగించి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"మామా!" బయట చంద్రన్ గొంతు. ఎప్పటిలాగే హుషారుగా ఉంది. "అత్తా! తలుపు తియ్యండి, బియ్యం తడిసిపోతుంది."

తాయారమ్మ నడవాలోకి వచ్చి నిలబడింది.

దొరైస్వామి కోడలి వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు. అర్థమైంది ఆయనకు.

"తలుపు తియ్యి నాయకీ."

"తియ్యను మామా."

"ఇది నా ఇల్లు. నా చెల్లెలి కొడుకు వానలో నిలబడుకోనుండాడు."

"తెలుసు. తియ్యను."

ఆయన కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచాడు. రఘునాథన్ కిటికీ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. ఎవరి వైపు వెళ్ళాలో తెలియనివాడిలా మధ్యలో ఆగిపోయాడు.

బయట చంద్రన్ తలుపు తట్టాడు, మళ్ళీ తట్టాడు. ఈసారి కాస్త గట్టిగా. "అందరూ యాడికి పోయినారు?"

దొరైస్వామి గడియ మీద చేయి వేశాడు. అప్పుడు తాయారమ్మ వచ్చి ఆ చేతి మీద తన చేయి వేసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె మొగుడి చేయి పట్టి ఆపడం కొడుకు ఎన్నడూ చూడలేదు.

"దాన్ని అడగండి" అంది. "వాడు లోపలికి రావాలనా వొద్దా, ఆ బిడ్డను అడగండి. ఈ ఇంట్లో ఎవురన్నా ఒక్కనాడు అడిగినామా దాన్ని? నేనూ అడగలేదు."

నలుగురూ తిరిగి చూశారు. కవిప్రియ ఖాళీ పళ్ళెం గుండెకు ఆనించి పట్టుకుని, నడవా చివర నిలబడి ఉంది. లోగనాయకికి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి చేయి పట్టుకోవాలనిపించింది. వెళ్ళలేదు. తలుపుకు ఆనుకునే నిలబడింది.

కవిప్రియ తండ్రిని చూసింది. అన్నను చూసింది. తలుపును చూసింది. పెదవులు రెండుసార్లు కదిలాయి, మాట రాలేదు. మూడోసారి వచ్చింది.

"వొద్దు."

గట్టిగానే అంది. గది నిండింది. వీధిలోకీ వినబడింది.

తలుపు తట్టడం ఆగింది.

దొరైస్వామి చేయి గడియ మీద నుంచి జారింది. ఎవరూ కదల్లేదు. వాన చప్పుడులో అందరూ చెవులు రిక్కించి, మోటార్‌సైకిలు బయలుదేరే చప్పుడు కోసం ఎదురుచూశారు.

అది రాలేదు.